నీళ్ళు తాగని బండి

సోమవారం పొద్దున తొమ్మిదింటికల్లా మేకను కడిగి, తుడిచి, షెడ్డు ముందున్న సిమెంటు గచ్చు మీద నిలబెట్టాడు డ్రైవరు. మేకంటే నాలుగు కాళ్ళ మేక కాదు, నాలుగు చక్రాలది. కొండల మీద కరెంటు టవర్లు చూసుకునే ఆ ఆఫీసులో దాన్ని అసలు పేరుతో పిలిచినవాడు ఒక్కడూ లేడు. ఐరోపాలో మంచుకొండల మధ్యనున్న ఒక దేశం తన సైన్యం కోసం చేయించుకున్న బండి అది. అక్కడి కొండగుర్రాల జాతి పేరే దానికీ పెట్టారట. ఆ పేరు పలకబోతే ఇక్కడివాళ్ళకు నాలుక మడతపడేది. ఎంత రాళ్ళగుట్టయినా ఆయాసపడకుండా ఎక్కేస్తోందని లైన్‌మన్లు మేక అన్నారు, ఆ పేరే ఖాయమైంది.

గురువారం మేకను వేలం వేస్తారు. ఆ సాయంత్రమే డ్రైవరు రిటైరవుతాడు. "ఇద్దర్నీ ఒకే ఖర్చుతో వదిలించుకుంటున్నారు" అని వారం రోజులుగా ఈ జోకు తనే వేసి తనే నవ్వుతున్నాడు. మిగతావాళ్ళు మొదటి రెండు రోజులు నవ్వి ఊరుకున్నారు.

కొత్త ఆఫీసరు గుమాస్తాను వెంటబెట్టుకుని వచ్చాడు. వచ్చి నెల కాలేదు. సన్నగా, ఇస్త్రీ మడత నలగకుండా ఉండే మనిషి. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఎవరో ఒకరు తిట్టుకుని, ఎవరో ఒకరు పైకి ఉత్తరం రాసి, ఏదో ఒకటి తేలేది. ఈయన ఎవరినీ గద్దించడు, ఎవరి దగ్గరా టీ కూడా తాగడు, కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేస్తాడు. అటువంటి మనిషితో ఎవరు మాత్రం ఏం చేయగలరు?

గుమాస్తా అచ్చు కాగితం పట్టుకుని ఒక్కొక్క వస్తువు పేరే చదువుతుంటే ఆఫీసరు కళ్ళారా చూసి టిక్కు పెడుతున్నాడు. మొత్తం నలభై రెండు.

"స్పేరు టైరు."

"ఉందండి. గాలి కూడా ఉంది, చూడండి" అని డ్రైవరు పిడికిలితో రెండు దెబ్బలు వేశాడు.

"జాకీ."

"ఉందండి. దీంతో పని పడ్డది తక్కువే. ఇరుసులు చూడండి, ఎంత ఎత్తున ఉన్నాయో. చక్రం దగ్గర పళ్ళచక్రాలు పెట్టి ఇరుసును పైకెత్తేశారు. కింద రాయి ఉన్నా తగలదు."

ఆఫీసరు వంగి చూశాడు. డ్రైవరుకు ఉత్సాహం వచ్చింది. కింద కూర్చుని, బండి నడుమ నిలువునా పోయే లావుపాటి గొట్టాన్ని చూపించాడు. "వేరే బండ్లకు చట్రం ఉంటుందండి. దీనికి వెన్నెముక. నాలుగు చక్రాలూ దేనికది ఊగుతాయి. ఒకటి గుంటలో ఉంటే ఇంకోటి గట్టు మీద ఉంటుంది, పైన కూర్చున్నవాడి చేతిలో టీ మాత్రం తొణకదు." టీ సంగతి కొంచెం ఎక్కువ చేసి చెప్పాడు గానీ, మిగతాదంతా నిజమే.

"రేడియేటరు" అన్నాడు గుమాస్తా.

"అది ఉండదండి దీనికి."

ఆఫీసరు కలం ఆగింది. "ఉండకపోవడమేమిటి?"

"నీళ్ళతో చల్లబడే ఇంజను కాదండి. గాలితోనే. లోపల ఇంత పెద్ద ఫ్యానుంది." ముందు సీట్ల మధ్య ఇనపపెట్టెలా ఉన్న ఇంజను మూత మీద చెయ్యి వేశాడు. ఆ మూత మీద గుండ్రటి మరకలు వరసగా ఉన్నాయి. చలికాలం టవర్ల మీదికి పోయేటప్పుడు లైన్‌మన్లు భోజనం డబ్బాలు వేడి కోసం దాని మీదే పెట్టేవాళ్ళు. "మంచు దేశంవాళ్ళు కదండీ, నీళ్ళైతే గడ్డకట్టి పగులుతుందని అసలు నీళ్ళే లేకుండా చేశారు. ఎండాకాలం మిగతా బండ్లన్నీ దారిలో మూతలు తీసుకుని పొగలు కక్కుతుంటే, మాది చక్కగా పక్కనుంచి వెళ్ళిపోయేది."

ఆఫీసరు ముందుకొచ్చి జాలీలోంచి తొంగి చూశాడు. వెనక ఖాళీ. గుమాస్తా చేతిలో ఉన్న లావుపాటి ఫైలు తీసుకుని తిరగేశాడు. అందులో ఏడాదికొకటి చొప్పున తనిఖీ పత్రాలు ఉన్నాయి.

"ఇది మీ సంతకమేనా?"

"నాదేనండి."

"రేడియేటరు, ఒకటి. స్థితి, బాగుంది. ఇది మీ చేతిరాతేనా?"

డ్రైవరు నవ్వబోయి ఆగాడు. "నాదేనండి. అంటే… గడి ఖాళీగా ఉంటే పైవాళ్ళు కాగితం తిప్పి పంపేస్తారని అప్పటి స్టోరు గుమాస్తాగారు… బాగుందని రాసి పడెయ్యవయ్యా అన్నారు. మొదటి ఏడాది రాశాను. రెండో ఏడాది రాయకపోతే మొదటిది ఏమైందని అడుగుతారన్నారు."

"ఆ గుమాస్తా ఎక్కడున్నారు?"

"పోయారండి. నాలుగేళ్ళయింది."

ఆఫీసరు ఇంకో కాగితం తిప్పాడు. "ఇక్కడ 'నీటి మట్టం, నిండుగా ఉంది' అని కూడా రాశారు."

ఆ గడి కూడా ఉంది మరి. నింపాలి కదా. డ్రైవరు మెడ వెనక గోక్కున్నాడు.

"ఇరవయ్యారు కాగితాలు" అన్నాడు ఆఫీసరు నెమ్మదిగా, అందులో కోపమేమీ లేదు. "మీరు అప్పుడు అబద్ధం రాశారా, ఇప్పుడు అబద్ధం చెప్తున్నారా? రెండిట్లో ఏదో ఒకటి చెప్పండి, రాసుకుంటాను."

వెనకనుంచి గుమాస్తా, ఏదో చిన్న సాయం చేస్తున్నట్టు, "వీళ్ళ బావమరిదికి రేడియేటర్ల షాపు సార్" అన్నాడు.

డ్రైవరు మొహంలో మిగిలిన కాస్త నవ్వూ ఆరిపోయింది.

మధ్యాహ్నానికి కాగితం చేతికొచ్చింది. బుధవారం సాయంత్రంలోగా ప్రభుత్వ వస్తువును తెచ్చి అప్పగించాలి, లేకపోతే దొంగతనం కింద పోలీసులకు రాయబడును. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఎంత చిన్న మడత పెట్టినా, నడుస్తుంటే తొడకు గుచ్చుకుంటూనే ఉంది.

అతని భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఆ సాయంత్రం ఆమె కుడుతున్నది అతని చొక్కానే, తెల్లటిది, గురువారం ఆఫీసులో ఇచ్చే టీ పార్టీకి తొడుక్కోవాల్సినది. సంగతంతా విని కుట్టు మిషను చక్రాన్ని అరచేత్తో ఆపేసింది.

"ఇదేం చోద్యమండీ! లేనిదాన్ని ఎలా ఎత్తుకుపోతారు?"

"అదే నేనూ అన్నాను."

"గట్టిగా అన్నారా, ఎప్పటిలాగా నోట్లో గొణుక్కున్నారా? మీకు నోట్లో నాలుక లేదని వాళ్ళకు తెలిసిపోయి ఉంటుంది. నన్ను తీసుకెళ్ళండి రేపు, నేను చెప్తాను."

"నీకు మాత్రం ఏం తెలుసని చెప్తావు?"

"మా ఆయన దొంగ కాడని తెలుసు. అంతకంటే ఏం కావాలి?" అని మళ్ళీ మిషను తిప్పింది. ఆ మాటకు అతనికి ఎంత ధైర్యం వచ్చిందంటే, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

మంగళవారం పొద్దున బండితోపాటు వచ్చిన పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలోంచి తీసి ఆఫీసుకు పట్టుకెళ్ళాడు. అట్ట మీద గ్రీజు వేలిముద్రలు, అన్నీ అతనివే. ఆఫీసరు దాన్ని మర్యాదగా రెండు చేతులతో అందుకున్నాడు.

"ఇది ఏ భాష?"

"వాళ్ళదండి."

"మీకు చదవడం వచ్చా?"

"రాదండి. బొమ్మలు చూస్తాను. ఇదిగో ఈ బొమ్మ చూడండి, ఇంజను. ఇది ఫ్యాను. గాలి ఇలా పోతుంది, బాణం గుర్తులున్నాయి. రేడియేటరు ఎక్కడైనా ఉందేమో చూడండి."

ఆఫీసరు నిజంగానే వెతికాడు. పేజీ పేజీ తిరగేశాడు. ఆ శ్రద్ధ చూసి డ్రైవరుకు ఆశ పుట్టింది.

"బొమ్మలో స్పేరు టైరు వెనక ఉంది. మన బండికి పక్కన ఉంది" అన్నాడు ఆఫీసరు చివరికి. "అంటే ఇక్కడికొచ్చాక మనవాళ్ళు మార్పులు చేశారన్నమాట. రేడియేటరు కూడా అలాగే పెట్టించి ఉండొచ్చు. లేకపోతే ఇరవయ్యారేళ్ళు బాగుందని ఎలా రాస్తారు?"

"పెట్టడానికి చోటేదండీ? మీరొక్కసారి రండి, చూపిస్తాను."

ఆఫీసరు వచ్చాడు. డ్రైవరు ఇంజను పెట్టె మూత ఎత్తి, స్టార్టు చేసి, రెండు చేతులూ లోపలికి పెట్టి ఒక్కొక్కటే చూపించాడు. "ఇది చూడండి, నీళ్ళు పోయే గొట్టం ఎక్కడైనా ఉందా? నీళ్ళు పోసే మూత ఉందా? బిగించిన బోల్టు గుర్తయినా ఉందా?"

"లేదు" అని ఒప్పుకున్నాడు ఆఫీసరు. కాగితం తీసి రాసుకున్నాడు. రాసింది పైకి చదివాడు, దాపరికం లేని మనిషి కాబట్టి. "రేడియేటరుతోపాటు గొట్టాలు, మూత, బిగింపు బోల్టులు కూడా కనిపించుటలేదు."

డ్రైవరు చేతులు బయటికి తీసేశాడు. రుజువు చూపిస్తున్నకొద్దీ పోయిన వస్తువుల జాబితా పెరుగుతోంది. ఇంకో నాలుగు మాటలు మాట్లాడితే బండినే తను మింగేసినట్టు తేలేలా ఉంది.

"పోనీ ఒక్కసారి నాతో కొండెక్కండి సార్. పై టవరు దాకా. రెండు లివర్లు వేస్తే నాలుగు చక్రాలూ కలిసి లాగుతాయి, నడుస్తుండగానే వేసుకోవచ్చు. చుక్క నీళ్ళు లేకుండా ఎక్కి దిగుతుంది, మీ కళ్ళతో మీరే చూస్తారు."

"వేలానికి పెట్టిన బండి గేటు దాటకూడదు" అన్నాడు ఆఫీసరు. అని, కాస్త ఆగి, "నాకు మీ మీద కోపం లేదండీ. నా ముందు ఇరవయ్యారు కాగితాలున్నాయి, మీరు ఒక్కరున్నారు. మీరైతే దేన్ని నమ్ముతారు?" అన్నాడు.

డ్రైవరు ఆలోచించి చూశాడు. తనైతే కాగితాలనే నమ్మేవాడేమో.

లైన్ మేస్త్రీ స్టోరు వెనక రాళ్ళ మీద కూర్చుని టవరెక్కే బెల్టులు పరీక్షిస్తున్నాడు. తోలుపట్టాను వేళ్ళ మధ్య జానెడు జానెడు లాగుతూ, ఎక్కడైనా చీలిక తగులుతుందేమోనని కళ్ళు మూసుకుని చూస్తాడు. మేకలో ఇతనంత తిరిగినవాడు డ్రైవరు తరవాత ఎవరూ లేరు. కాలు విరిగినప్పుడు ఆ ఇంజను పెట్టె మీదే తల పెట్టుకుని కొండ దిగాడు.

"మేస్త్రీ, నువ్వొక్క మాట చెప్తే చాలు. నీకు తెలుసుగా దానికి రేడియేటరు లేదని."

మేస్త్రీ కళ్ళు తెరవలేదు. "తెలుసన్నా."

"మరి రా, చెబుదువు గాని."

బెల్టు ఒక జానెడు జరిగింది. "ఆ కాగితాల మీద నీ సంతకం కింద నాది కూడా ఉందన్నా. 'సరిచూశాను' అని. ఇప్పుడు లేదంటే ఇరవయ్యారేళ్ళూ నేను సరిచూసిందేమిటంటారు. నాకింకా మూడేళ్ళ సర్వీసుంది." నీళ్ళు నమిలాడు. "నేనేమీ ఉందని చెప్పను. అడిగితే, గుర్తులేదంటాను. అది నీకు సాయమే కదా?"

ఇద్దరి మధ్యా ఆ బెల్టు కదులుతూనే ఉంది.

"టీ తాగుదామా?" అన్నాడు మేస్త్రీ.

తాగారు. ఏం చేస్తారు?

ఆ రోజు ఇంటికి పోతుంటే టీ కొట్టు దగ్గర మాటలు ఆగిపోవడం, తను దాటాక మళ్ళీ మొదలవడం డ్రైవరు గమనించాడు. భార్యకూ ఎవరో అన్నారు. జాకెట్టు కొలతలకు వచ్చిన ఒకావిడ, "అయినా ఒక్క రేడియేటరుకింత రాద్ధాంతమా, పాపం, పెద్దాయన తీశాడే అనుకో" అందట. "తీశాడే అనుకో అంటుందండీ! చెరిగేశాను" అంది భార్య. కానీ ఆమె గొంతులో నిన్నటి గట్టిదనం కొంచెం తగ్గిందని అతనికి అనిపించింది. అనిపించడమేలే అనుకున్నాడు.

బుధవారం తెల్లవారుతుండగా బావమరిది వచ్చాడు, భుజం మీద గోనెసంచి, లోపల పెద్దదేదో చదరంగా. నేల మీద గుడ్డముక్కలు పక్కకు నెట్టి సంచిని దించాడు. రేడియేటరు. రెక్కలు కొన్ని నలిగి ఉన్నాయి, అడుగున తుప్పుమరక.

"ఏంట్రా ఇది?"

"బావా, నువ్వేం మాట్లాడకు. వాళ్ళకు కావలసింది రేడియేటరు. ఇది రేడియేటరు. పట్టుకెళ్ళి పడెయ్యి, పీడ వదిలిపోతుంది."

"ఇస్తే నేను తీసినట్టేగా."

"ఇవ్వకపోతే తీసినట్టు కాదా?" బావమరిది గుడ్లు పెద్దవి చేశాడు. "రేపు పోలీసులు ముందు నా షాపుకే వస్తారు. నా దగ్గర డెబ్భై ఉన్నాయి బావా, డెబ్భై! ఒక్కొక్కటి తీసి ఇది నీ బావ బండిది కాదని రుజువు చెయ్యమంటే నేనేం చెయ్యను? ఏ బండికీ చెందని రేడియేటర్లే నా బతుకు."

అతను చెప్పినదాంట్లో తప్పు లేదు. అన్ని వైపులా మూసిన గదిలో ఒక్క కిటికీ ఉంటే, అది మురికి సందులోకి ఉన్నా అటే కదా దూకాలి. డ్రైవరు మంచం అంచున కూర్చుని ఆ నలిగిన రెక్కల్ని చూస్తున్నాడు.

గుమ్మంలో భార్య నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. నేల మీదున్నదాన్ని చూసింది, తమ్ముణ్ణి చూసింది, భర్తను చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి ఉందిరా ఇది నీ దగ్గర?"

"ఆర్నెల్లవుతుందక్కా" అన్నాడు తమ్ముడు, ఉన్నమాటే.

ఆమె తల ఊపింది. వచ్చి గుడ్డముక్కలు ఏరుకుంది, తుప్పు అంటినవి విడిగా పెట్టింది. తరవాత భర్త వైపు తిరగకుండానే, చాలా మెల్లగా అంది. "నాతో చెప్తే నేను అల్లరి చేసేదాన్నా అండీ?"

డ్రైవరు నోరు తెరిచాడు. సోమవారం నుంచి గుమాస్తాకు చెప్పాడు, ఆఫీసరుకు చెప్పాడు, మేస్త్రీకి చెప్పాడు, పుస్తకంలో బొమ్మలు చూపించి చెప్పాడు. ఈమెకు చెప్పాల్సి వస్తుందని అనుకోలేదు. ఇల్లు ఒక్కటి మిగిలిందనుకున్నాడు, అదీ పోయింది. మాట రాలేదు. మాట రాకపోవడాన్ని ఆమె ఒప్పుకోలు కిందే తీసుకుంది, ఎవరైనా అలాగే తీసుకుంటారు.

ఆఫీసరు సంతోషించాడు. నిజంగానే సంతోషించాడు, కుర్చీలోంచి లేచి డ్రైవరు చెయ్యి పట్టుకున్నాడు. "మంచి పని చేశారు. దొంగతనం అని రాయడం లేదు. 'బాగుచేయుటకు బంధువు షాపులో ఇచ్చి మరచితిని' అని రాయించాను. చదివి సంతకం పెట్టండి. పొరపాట్లు అందరికీ జరుగుతాయి."

డ్రైవరు చదవలేదు. చదివి సంతకం పెట్టే అలవాటే ఉంటే ఇంత దూరం వచ్చేదే కాదు. కింద పేరు రాశాడు, ఇరవయ్యేడోసారి.

"గొట్టాలూ బోల్టులూ వదిలేద్దాం" అన్నాడు ఆఫీసరు ఉదారంగా. "దీన్ని మాత్రం దాని చోట పెట్టేయండి."

దాని చోటు! షెడ్డులో బండి చుట్టూ రెండు సార్లు తిరిగాడు డ్రైవరు. ముందు జాలీ వెనక పెడితే పట్టదు, సీట్ల మధ్య ఇంజను పెట్టె ఉంది. చివరికి వెనక బల్ల కింద పెట్టి తీగతో కట్టాడు. మేక కడుపున వేరే జంతువు పిల్లను కట్టినట్టుంది.

కట్టాక కూడా ఇంటికి పోబుద్ధి కాలేదు. మూత ఎత్తి ఇంజను స్టార్టు చేశాడు. మూరెడు రబ్బరు గొట్టం తీసి ఒక కొస చెవికి ఆనించుకుని, రెండో కొస మొదటి కార్బ్యురేటరు మూతి దగ్గర పెట్టాడు. బుస్సుమని గాలి పీల్చుకుంటున్న చప్పుడు. రెండోదాని దగ్గర పెట్టాడు. అది ఇంకాస్త సన్నంగా వినిపించింది. స్క్రూను వెంట్రుకవాసి తిప్పాడు, విన్నాడు, మళ్ళీ ఇటు విన్నాడు. రెండు చప్పుళ్ళూ ఒక్కటయ్యేదాకా గంట పట్టింది. రేపు ఎవరు కొనుక్కున్నా, తాళం తిప్పగానే ఒక్కసారి తలెత్తి వినాలి. ఇన్నేళ్ళూ దీన్ని ఎవరు చూసుకున్నారని అడగాలి. అంత మాత్రం దక్కితే చాలనుకున్నాడు.

గురువారం వేలం పాట పాడటానికి పదిమంది వచ్చారు. తొమ్మిదిమంది ఇనుము బరువు చూసి వచ్చినవాళ్ళు. పదో మనిషి ఒకావిడ, నలభై దాటి ఉంటాయి, మోకాళ్ళదాకా బూట్లు, గోళ్ళ సందుల్లో ఎంత కడిగినా పోని నల్లటి గీతలు. ఆ గోళ్ళను చూడగానే డ్రైవరుకు ప్రాణం లేచొచ్చింది.

పాట ఆమెకే ఖాయమైంది. తెల్ల చొక్కా వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, డ్రైవరు గచ్చు పక్కన నిలబడ్డాడు. అతని భార్య టీ పార్టీ కోసం అప్పుడే వచ్చి, గేటు లోపల చెట్టు కింద ఆగింది. నిన్నటి నుంచి ఇద్దరి మధ్యా పెద్దగా మాటల్లేవు. కుట్టిన చొక్కా మాత్రం ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టింది.

కొన్నావిడ ముందు బండి కిందికి దూరింది. నడుము గొట్టాన్ని వేలి కణుపుతో కొట్టి విన్నది. ముందు అక్కడే కొట్టాలి, తెలిసినవాళ్ళు అక్కడే కొడతారు. చక్రాల దగ్గర నూనె కారుతుందేమో వేలు పెట్టి చూసి, వాసన చూసింది. బయటికొచ్చి లోపల కూర్చుని తాళం తిప్పింది. మేక ఒక్క తిప్పుకే అందుకుంది. ఆమె తలెత్తింది.

"కార్బ్యురేటర్లు ఎవరు సరిచేశారండీ? రెండూ ఒక్క ఊపిరి తీస్తున్నాయి!"

"నేనేనండి" అన్నాడు డ్రైవరు.

"చెవితోనేనా?"

"చెవితోనేనండి. గొట్టం పెట్టి."

ఆమె మొహమంతా నవ్వు నిండింది. ఒక పనివాడు ఇంకో పనివాణ్ణి చూసి నవ్వే నవ్వు అది. మూడు రోజుల తరవాత డ్రైవరు వెన్ను మొదటిసారి నిటారుగా నిలిచింది. ఆమె ఇంజను ఆపి, వెనక ఏముందో చూద్దామని బల్ల కిందికి వంగింది.

"ఇదేమిటిది?" అని పకపకా నవ్వింది. "రేడియేటరా? దీనికి రేడియేటరు ఉండదు కదండీ! గాలితో చల్లబడే ఇంజను. తయారైన దగ్గర్నుంచీ అంతే. వేరే ఎవరి బండిదో ఇందులో కట్టేశారు!"

మేస్త్రీ నేలచూపులు చూశాడు. గుమాస్తా ఫైలును ఛాతీకి అదుముకున్నాడు. ఆఫీసరు కలం మూత తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీశాడు. ఆ తెలివైన మొహంలో విషయం అర్థమవడం మొదలై, అంతలోనే ఎక్కడో చిక్కుకోవడం డ్రైవరుకు కనబడింది. పైకి పంపిన కాగితం మీద ఇప్పుడు ఆఫీసరు సంతకం కూడా ఉంది.

"ఏమండీ" అన్నాడు ఆఫీసరు, డ్రైవరు వైపు తిరిగి. "ఈ బండి మీ చేతిలో ఉన్నది. మీరే చెప్పండి. దీనికి రేడియేటరు ఉండేదా, లేదా?"

అదే ప్రశ్న సోమవారం అడిగి ఉంటే! ఇప్పుడు 'లేదు' అని చెప్తే నిన్నటి సంతకం అబద్ధమవుతుంది. లేని వస్తువును తెచ్చి ఆఫీసును మోసం చేసినట్టు, తెచ్చింది బావమరిది, సరిచూసింది మేస్త్రీ, ఒప్పుకున్నది ఆఫీసరు. మేస్త్రీ తలెత్తి ఒక్కసారి చూశాడు, బతిమాలుతున్నాడో, సిగ్గుపడుతున్నాడో. ఫైలు మళ్ళీ తెరుచుకుంటే ఇక దానికి అంతుండదు.

"ఉండేదండి" అన్నాడు డ్రైవరు.

అతని భార్య చెట్టు కింద నుంచి రెండడుగులు ముందుకొచ్చి ఆగిపోయింది.

కొన్నావిడ నవ్వు మొహం మీదే ఆరిపోయింది. "ఉండేదా? ఇంజన్లో ఎక్కడికి కలిపేవారు?"

"మొదట్లో… మనవాళ్ళు పెట్టించారండి. నాకంత వివరం తెలియదు."

ఆమె అతన్ని కిందినుంచి పైకి చూసింది. కోపంగా కాదు. జాలిగా చూసింది, తను నడిపే బండి కడుపులో ఏముందో కూడా తెలియకుండా ఒక జీవితకాలం చక్రం తిప్పిన మనిషిని చూసినట్టు. తరవాత మేస్త్రీ వైపు తిరిగి, "కార్బ్యురేటర్లు ఎవరో మంచి మెకానిక్కు చేత చేయించి ఉంటారులెండి" అంది.

మేస్త్రీ మళ్ళీ నేలచూపులు చూశాడు.

సంతకాలయ్యాయి. ఆమె బండెక్కింది. ఎలా ఎక్కాలో తెలిసినట్టే ఎక్కింది, పట్టుకోవలసిన కమ్మీనే పట్టుకుంది. మేక గేటు దాటి, పక్కకు ఆగింది. ఆమె దిగి, కట్టరు తీసి తీగ తెంచి, రేడియేటరును రోడ్డు పక్కన గోడకు ఆనించి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది. వంపు తిరిగేదాకా డ్రైవరు చప్పుడు వింటూ నిలబడ్డాడు. వంపు దగ్గర ఆమె గేరు మార్చింది. బాగానే మార్చింది. ఆ బండికి ఇబ్బందేమీ లేదు.

టీ పార్టీలో ఆఫీసరు చక్కగా మాట్లాడాడు. డ్రైవరుకు ఇచ్చిన కాగితంలో 'అప్పగించిన ప్రతి వస్తువునూ తిరిగి అప్పగించెను' అని ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. గుమాస్తా కాస్త ఎక్కువసేపు కొట్టాడు.

బయటికొచ్చేసరికి గోడ పక్కన రేడియేటరు అలాగే ఉంది. భార్య దాని ముందు ఆగింది.

"లేదటగా" అంది.

"లేదు."

"ఎప్పుడూ లేదా?"

"ఒక్కరోజు కూడా లేదు."

ఆమె ఆఫీసు గేటు వైపు చూసింది, రేడియేటరు వైపు చూసింది. "నిన్న నేనడిగాను."

"అడిగావు."

"చెప్పొచ్చు కదండీ."

"చెప్పడానికే నోరు తెరిచాను" అన్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకుంది. వంగి, రేడియేటరు ఒక వైపు పట్టుకుంది. "పట్టుకోండి. ఇక్కడొదిలేస్తే మళ్ళీ పోయిందంటారు. తమ్ముడి షాపులో పడేసి పోదాం."

షాపుకు పోవాలంటే బజారు గుండానే పోవాలి. ఇంకో సందుంది గానీ, అందులో ఇద్దరు మనుషులు రేడియేటరు పట్టుకుని పట్టరు. ఇంకా వెలుగుండగానే, తెల్ల చొక్కాలో, రిటైరైన రోజున, భార్యాభర్తలిద్దరూ చెరో కొసా పట్టుకుని నడుస్తుంటే బజారు బజారంతా చూసింది. టీ కొట్టు దగ్గర మాటలు ఈసారి ఆగను కూడా లేదు.

"ఏం పెద్దాయనా, దొరికిందా మొత్తానికి?" అని ఎవరో అరిచారు. నలుగురు నవ్వారు.

డ్రైవరు తల వంచుకున్నాడు. అప్పుడు కనబడింది, రేడియేటరు అడుగునుంచి సన్నటి ధార. ఎప్పటి నీళ్ళో, ఏ బండివో, లోపల నిలిచిపోయినవి ఎర్రగా తుప్పు కలిసి కారుతూ అతని కొత్త చొక్కా అంచు దాకా వచ్చాయి.

భార్య కూడా చూసింది. నడక ఆపలేదు.

"చొక్కా పాడవుతుంది" అంది. "నా వైపు వంచండి."